నీళ్ళు పోస్తేనే లేచే కంప్యూటర్

ఆ ఎండాకాలం మా ఇంట్లో కంప్యూటర్ లేవాలంటే మా అమ్మ పెరట్లో ఒక బకెట్ నీళ్ళు పోయాలి. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నేనూ చాలా రోజులు నవ్వుతూనే చెప్పాను. ఆ బకెట్లలో ఏదో ఒకటి మా అమ్మ ప్రాణం తీసి ఉండేదని తెలిశాక నాకు నవ్వు రావడం మానేసింది. పొయ్యమని అడిగింది నేనే కాబట్టి ఈ సంగతి రాయాల్సింది కూడా నేనే.

మాది చిట్యాల. పెద్దరోడ్డు మీద మా నాయిన మోటార్ల వైండింగ్ షాపు, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు కాలిపోయిన బోరు మోటార్లను బస్సు మీద వేసుకొని వచ్చేవాళ్ళు. నాయిన పాత తీగ పీకేసి కొత్త రాగితీగ చుట్టి, షాపు ముందు ఒకసారి తిప్పి చూపించి పంపేవాడు. కరెంటు విషయంలో మా వీధిలో ఆయన మాటకు ఎదురులేదు. లైన్‌మన్ కూడా స్తంభం ఎక్కే ముందు ఆయనతో ఒక మాట అనుకొని ఎక్కేవాడు. అలాంటి మనిషి కూతురిని గనుక నాకూ తలపొగరు తక్కువేం లేదు.

తొంభైల నడుమ, డిగ్రీ అయ్యాక, నల్లగొండలో కంప్యూటర్ కోర్సు నేర్చుకున్నాను. అక్కడ మిషన్ల గదిలోకి చెప్పులతో పోనిచ్చేవాళ్ళు కాదు. దుమ్ము పోతే మిషన్ పాడవుతుందని గుడి ముందు విడిచినట్టు గుమ్మం బయట విడిచి పోవాలి. కోర్సు అయిపోయాక సికింద్రాబాదు నుంచి ఒక పాత మదర్‌బోర్డు, దాన్ని బిగించే ఇనుప డబ్బా, ఒక నలుపు తెలుపు మానిటర్ ఒక్కొక్కటిగా తెచ్చుకొని, కోర్సు చెప్పిన మా సారు పక్కన కూర్చొని నా చేతులతో నేనే బిగించాను. పెండ్లి పత్రికలు, బడి ప్రశ్నపత్రాలు కొట్టి ఇవ్వాలని నా ఆశ. మా మేనత్త వచ్చి చూసి, "పిల్లకు మొగన్ని తెమ్మంటే మిషిన్ తెచ్చిన్రు. ఇగ దానితోనే కాపురం చేస్తది" అని నవ్వింది. నేను మాత్రం ఇంట్లో కూడా నల్లగొండ పద్ధతే పెట్టాను. కంప్యూటర్ ఉన్న అర్రలోకి ఎవరూ చెప్పులతో రావద్దు. నాయినకు కూడా మినహాయింపు లేదు. దాంతో ఆయన ఆ అర్రలోకి రావడమే మానేశాడు.

ఇక్కడ కరెంటు సంగతి కొంచెం చెప్పాలి. కరెంటుకు వచ్చే తీగ ఒకటి, తిరిగి పోయే తీగ ఒకటి ఉంటాయి. తిరిగి పోయేదాన్ని న్యూట్రల్ అంటారు. మా వీధి చివర ఆ న్యూట్రల్ ఎప్పుడూ వదులుగానే ఉండేది. బల్బులు ఒకసారి కొడిగట్టేవి, ఒకసారి భగ్గుమని మాడిపోయేవి. కరెంటు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయిన నాయిన, కంప్యూటర్ రావడానికి ఏడాది ముందు, తన దారి తాను చూసుకున్నాడు. పెరట్లో గొయ్యి తవ్వి, నిలువెత్తు ఇనుప పైపు దింపి, చుట్టూ ఉప్పు, బొగ్గు దట్టించి, ఇంటికీ షాపుకూ ఒకటే అయిన న్యూట్రల్ తీగను స్తంభం నుంచి విప్పి ఆ పైపుకు కట్టేశాడు. తిరిగి పోవాల్సిన కరెంటు స్తంభానికి పోకుండా మా పెరటి మట్టిలోకి పోతుందన్నమాట.

"భూమికన్న పెద్ద న్యూట్రల్ యాడుంటదిరా? భూదేవి ఎన్నడన్న తెగుతదా?" అన్నాడు చూడటానికి వచ్చిన వాళ్ళతో.

బల్బులు నిశ్చలంగా వెలిగాయి. వీధిలో వాళ్ళు ఒకరి తరువాత ఒకరు వచ్చి అడిగారు. కాదనకుండా వాళ్ళ పెరళ్ళలోనూ నాయిన పైపులు దింపి వచ్చాడు. మా ఇంట్లో పైపు జాగా కూడా బాగా ఆలోచించి చూశాడు. పక్కనే, రెండడుగుల దూరంలో, మా చేతిపంపు బోరింగు ఉంది. అమ్మ బోరింగు కొట్టినప్పుడు జారిపోయే నీళ్ళు గోతిలోకి పోయేలా చిన్న కాలువ తీశాడు. మట్టి ఎంత తడిగా ఉంటే కరెంటు అంత బాగా దిగుతుంది. ఆ కాలువ చూసి నాకు ఎంత గర్వమనిపించిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

పైపు దింపిన నెలా రెండు నెలలకే అమ్మ అనడం మొదలుపెట్టింది.

"బోరింగు కాడ కాళ్ళు జుమ్ముమంటున్నయే. అరికాళ్ళల్ల చీమలు పాకినట్టు, మోచేతుల దాక వస్తాంది."

మా జిల్లాలో ఈ మాట విని ఎవరూ ఉలిక్కిపడరు. మా నీళ్ళలో ఫ్లోరిన్ ఉంది. పిల్లల పండ్లు గారపడతాయి, నలభై దాటితే మోకాళ్ళు పట్టేస్తాయి, నడుములు వంగిపోతాయి. కాళ్ళు చేతులు జుమ్ముమనడం, తిమ్మిరెక్కడం ఇంటింటా ఉన్నదే. నాయిన అమ్మను నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టర్ ఆమె పండ్లు చూశాడు, మోకాళ్ళు వంచి చూశాడు, ఏ ఊరని అడిగాడు. ఊరి పేరు వినగానే తల ఊపి బిళ్ళలు రాసిచ్చాడు. అమ్మ ఆ బిళ్ళలు వాడినన్ని రోజులు వాడి, తగ్గలేదని పక్కన పెట్టింది.

ఒకసారి ఇంకో మాట కూడా అన్నది. అన్నం తింటుండగా నాయినతో, "నువ్వు షాపుల మోటరు తిప్పినప్పుడే నాకు ఎక్కువైతాంది" అన్నది.

నాయిన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి నవ్వాడు. "షాపుల మోటరు తిరిగితే నీ కాళ్ళకేమైతదే? నీ కాళ్ళకు గూడ వైండింగ్ చెయ్యాల్నా?"

నేనూ పకపకా నవ్వాను. అమ్మ కూడా కొంచెం నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

ఫాల్గుణం దాటేసరికి బోరింగులో నీళ్ళు అడుగంటాయి. గంటసేపు కొట్టినా బిందె నిండేది కాదు. ట్యాంకర్ వస్తే వీధంతా బిందెలతో వరుస కట్టేది. అప్పుడే నా కంప్యూటర్ మొండికేసింది. మీట నొక్కితే లోపల ఫ్యాన్ సగం తిరిగి ఆగిపోయేది. తెర మీద ఏమీ రాదు. లేవగానే కొట్టాల్సిన చిన్న కూత కూడా లేదు. మళ్ళీ నొక్కితే మళ్ళీ సగం చుట్టు. గొంతు దాకా వచ్చిన మాట మింగేసినట్టు ఉండేది.

నేను నేర్చుకున్నదంతా దాని మీద ప్రయోగించాను. డబ్బా విప్పి దుమ్ము ఊదాను. మెమరీ ముక్కను బయటికి తీసి, దాని పండ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చాను. ఒక్కో కార్డు పీకేసి చూశాను, తీగలు మార్చాను. చేతితో డబ్బా పట్టుకున్నప్పుడల్లా సన్నగా జిల్లుమనేది. దానికీ నా దగ్గర చదువు ఉంది. మనిషి ఒంట్లో స్టాటిక్ కరెంటు ఉంటుందని, అది మిషన్‌ను చెడగొడుతుందని కోర్సులో చెప్పారు. అంటే తప్పు నా ఒంటిదే. చెప్పులు లేకుండా గచ్చు మీద కూర్చొని, మాటిమాటికీ చేతులు కడుక్కొని వచ్చి, ఆ తడి చేతులు తువ్వాలుకు సగం సగం తుడుచుకొని మళ్ళీ డబ్బా పట్టుకునేదాన్ని. జిల్లుమన్నప్పుడల్లా నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే నేను దాని ముందు ఏడుపు ముఖంతో కూర్చొని ఉండగా, అమ్మ అంట్లు కడిగిన నీళ్ళు తీసుకుపోయి పైపు గోతిలో పోసింది. నా తల మీద బల్బు వెలుగు పెరిగింది. మీట నొక్కాను. ఫ్యాన్ పూర్తిగా తిరిగింది, కూత వినిపించింది, తెర మీద అక్షరాలు వచ్చాయి. నేను లేచి గంతులేశాను. గొయ్యి ఎండిపోయింది, అంతే! నీళ్ళు పడితే కరెంటు దిగుతుంది, కరెంటు దిగితే మిషన్ లేస్తుంది. నాయినకు చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. "నా బిడ్డనే" అన్నాడు.

అలా మొదలయింది ఆ బకెట్.

"అమ్మా, మిషిన్ లేస్తలేదే. జర ఒక బకెట్ పొయ్యరాదే!"

రోజుకు రెండుసార్లు, ఎండలు ముదిరాక నాలుగుసార్లు. తాగడానికి నీళ్ళు లేని ఊళ్ళో మట్టికి నీళ్ళు పోయించాను. అమ్మ స్నానం చేసిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు దాచి పెట్టి ఇనుప బకెట్‌తో మోసుకుపోయి పోసేది. వట్టి కాళ్ళతోనే పోయేది. పెరట్లో చెప్పులు తొడుక్కునే అలవాటు ఆమెకు లేదు. నాయినకు షాపులో పొద్దస్తమానం రబ్బరు చెప్పులు ఉంటాయి. నేను బయటికి వస్తే హవాయి చెప్పులు తొడుక్కునేదాన్ని. ఆ నేల మీద వట్టి కాళ్ళతో తిరిగింది అమ్మ ఒక్కతే. పోసి వచ్చి గడప మీద కూర్చొని పిక్కలు ఒత్తుకునేది. "ఇయ్యాల జర ఎక్కువనే ఉంది" అనేది. నేను తెర మీద నుంచి తల తిప్పకుండా "బిళ్ళలు ఏసుకోవే" అనేదాన్ని.

వైశాఖంలో, మేం చాచి అని పిలిచే పక్కింటామె మేక చచ్చిపోయింది. మధ్యాహ్నం పూట కంచె సందులోంచి దూరి వచ్చి, గోతిలో కొత్తగా పోసిన నీళ్ళ కోసం మూతి చాపింది. మేం చూసేసరికి నాలుగు కాళ్ళు చాపి పడి ఉంది. నోటి వెంట నురుగు లేదు, గాయం లేదు. కండ్లు తెరిచే ఉన్నాయి.

చాచి నెత్తి కొట్టుకుంది. "పొద్దుగాల గంతులేసింది కదా అక్కా! పామే ముట్టింది."

అందరం పామే అనుకున్నాం. నాయిన గడ్డపార తెచ్చి గొయ్యి చుట్టూ మట్టి పొడిచి పొడిచి చూశాడు. రాళ్ళ సందులు కెలికాడు. పాము కనిపించలేదు. ఆ రోజు నుంచి అమ్మ నీళ్ళు పోసే ముందు కాలితో నేల మీద రెండుసార్లు గట్టిగా తన్నేది, పాము ఉంటే పోతుందని. నాకు అది కిటికీలోంచి కనిపించేది. నాకు కూడా భయంగానే ఉండేది. అయినా ఒక్కరోజు కూడా వద్దని అనలేదు.

ఆ తరువాత వారానికి బకెట్ పోసినా మిషన్ లేవడం మానేసింది. రెండు బకెట్లు పోస్తే ఒకసారి లేచేది. నాకు ఒళ్ళు మండింది. డబ్బాను దుప్పటిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకొని నల్లగొండ బస్సెక్కాను. మా సారు తన బల్ల మీద పెట్టి తీగ గుచ్చి మీట నొక్కాడు. ఒక్క నొక్కుకే లేచింది. ఆపి మళ్ళీ నొక్కాడు, మళ్ళీ లేచింది. నాకు అవమానంగా అనిపించింది.

సారు డబ్బా మీద చెయ్యి ఆనించి చూశాడు. తరువాత, "ఇంట్ల ముట్టుకుంటే జిల్లుమంటదన్నవ్ కదా. ఇక్కడ ముట్టి చూడు" అన్నాడు. నేను చెప్పులు లేకుండానే ఉన్నాను. రెండు చేతులతో డబ్బా పట్టుకున్నాను. ఏమీ లేదు.

"రోగం మిషిన్‌ల లేదమ్మా. మీ ఇంట్ల ఉంది" అన్నాడు.

ఆయన తన మీటర్ ఇచ్చాడు, ముల్లు ఉండే పాత మీటర్. ప్లగ్గు దగ్గర ఎంత కరెంటు వస్తుందో చూడమన్నాడు. "తక్కువ చూపిస్తే, మిగిలింది యాడికి పోతాందో ఎతుకు. అది మాయమయ్యేది కాదు. ఏదో ఒక జాగల ఉంటది" అన్నాడు. తిరుగు బస్సులో ఆ మాట నా వెంటే వచ్చింది.

ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఆకాశం మబ్బు పట్టి, దుమ్ము లేచి, పెద్ద పెద్ద చినుకులు నాలుగు పడ్డాయి. నాయిన షాపులో ఒక మోటారు బిగిస్తున్నాడు. నేను ప్లగ్గు దగ్గర మీటర్ పెట్టాను. రెండు వందల ముప్పై వోల్టులు ఉండాల్సిన చోట ముల్లు నూట ముప్పై దగ్గర ఆగింది. అంత తక్కువలో ఏ మిషన్ లేస్తుంది? మరి మిగిలిన వంద ఎక్కడ ఉంది?

పెరట్లోకి పోయాను. పొడుగు తీగ ఒకటి తీసుకొని, ఒక కొసను కంచె మూలలో దూరంగా దిగ్గొట్టిన మేకుకు కట్టాను. మీటర్ ఒక మొన ఆ తీగకు, ఇంకో మొన నాయిన దింపిన పైపుకు ఆనించాను. భూమికీ భూమికీ మధ్య ఏమీ ఉండకూడదు. ముల్లు లేచింది. తొంభై దాటింది. నాకు నమ్మకం కలగలేదు, మేకు దగ్గర తీగ మళ్ళీ బిగించి వచ్చి పెట్టాను. మళ్ళీ తొంభైనే. అప్పుడు షాపులో నాయిన మోటారు తిప్పాడు. నా చేతిలో ముల్లు వంద దాటి ఇంకా పైకి పోయింది.

నువ్వు షాపుల మోటరు తిప్పినప్పుడే నాకు ఎక్కువైతాంది.

తల ఎత్తాను. అమ్మ వస్తోంది. నేను అడగలేదు. నేను పైపు దగ్గర కూర్చొని ఉండటం చూసి, మిషన్ లేవలేదనుకొని, తనంతట తానే బకెట్ నింపుకొని వస్తోంది. చినుకులకు నేల తడిసింది. వట్టి కాళ్ళు. బకెట్ తొణికి పాదాల మీద నీళ్ళు పడుతున్నాయి. గొయ్యికి నాలుగు అడుగుల దూరంలో ఉంది. పాము కోసం కాలు ఎత్తింది.

నేను అరిచిన అరుపు నాకే గుర్తు లేదు. చాచి కంచె అవతల నుంచి పరుగెత్తి వచ్చింది. అమ్మ ఎత్తిన కాలు అలాగే వెనక్కి పెట్టి, ముఖం పాలిపోయి, "పామా బిడ్డా?" అన్నది.

అక్కడే ఉండమని చెయ్యి ఊపి, షాపులోకి పరుగెత్తి మెయిన్ స్విచ్ కిందికి లాగేశాను. నాయిన చేతిలో మోటారు ఆగిపోయింది.

విషయం చెబితే మొదట కోప్పడ్డాడు. "మీటర్ కరాబై ఉంటది. కరెంటు గురించి నువ్వు నాకు చెప్తవా?" అన్నాడు. తన సొంత పరీక్ష దీపం తీసుకొని పెరట్లోకి వచ్చాడు. ఒక హోల్డరు, దానికో బల్బు, రెండు తీగలు, అంతే. వైండింగ్ పనివాళ్ళకు దాన్ని మించిన మీటర్ లేదు. ఒక తీగ పైపుకు, ఇంకో తీగ బోరింగుకు కట్టి, మమ్మల్నందరినీ ఇంట్లోకి పొమ్మని, నన్ను స్విచ్ పెట్టమన్నాడు.

బల్బు వెలిగింది. ఎర్రగా, మసకగా, కానీ వెలిగింది. ఏ కరెంటు తీగా దాని దగ్గర లేదు. ఒక పక్క పైపు, ఒక పక్క బోరింగు, నడుమ మా అమ్మ ఏడాది పాటు పాదాలు పెట్టి నిలబడిన రెండడుగుల నేల. దీపం కింద చీకటి అంటారు. మా ఇంట్లో ఆ చీకటి ఎక్కడ ఉందో ఆ బల్బు చూపించింది. నాయిన చూస్తూ చూస్తూ తడి మట్టిలోనే కూలబడబోయి, అక్కడ కూర్చోకూడదని గుర్తొచ్చి, గోడ పట్టుకొని నిలబడ్డాడు.

ఆ సాయంత్రం స్విచ్ మళ్ళీ పెట్టలేదు. కిరసనాయిలు దీపాలు వెలిగించుకున్నాం. తెల్లవారగానే నాయిన లైన్‌మన్‌ను వెంటబెట్టుకొని వచ్చి, స్తంభం మీద న్యూట్రల్ కొత్త తీగతో బిగించేదాకా ఎండలో నిలబడ్డాడు. ఇంట్లో తీగ పైపు నుంచి విప్పి దానికి కలిపాడు. నేను పోయి మీట నొక్కాను. కంప్యూటర్ ఒక్క నొక్కుకే లేచింది. ఎవరం సంతోషపడలేదు. నేనే దాన్ని ఆపేసి గుడ్డ కప్పాను.

అప్పుడు నాయిన గడ్డపార భుజాన వేసుకొని వీధిలోకి పోయాడు. నేను వెంట పోయాను. తాను దింపిన ప్రతి పైపు దగ్గరికీ పోయి, విప్పేముందు ఆ ఇంటి ఆడవాళ్ళను ఒకటే మాట అడిగాడు.

"బోరింగు కాడ కాళ్ళు జుమ్ముమంటయా అమ్మా?"

మొదటి ఇంట్లో ముసలామె, "అంటయి నాయినా. ఫ్లోరిన్ నీళ్ళు కదా" అన్నది. రెండో ఇంట్లో కోడలు కూడా అదే మాట. మూడో ఇంట్లో ఆమె బాలింత. బిడ్డను చంకనేసుకొని, తనకొక్కదానికే అలా అవుతోందనుకొని ఎవరికీ చెప్పలేదని అన్నది. నాయిన ఎవరి ముఖమూ చూడలేకపోయాడు. కొన్ని ఇండ్లలో పైపు తీయొద్దని, బల్బులు మళ్ళీ కొడిగడతాయని మగవాళ్ళు గొడవపడ్డారు. అక్కడ నాయిన వాదించలేదు. పరీక్ష దీపం కట్టి చూపించి ఊరుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ బోరింగు దగ్గర ఉంది. అడుగున ఉన్న కొన్ని నీళ్ళ కోసం దాని పిడి కొడుతోంది. నేను గడప దగ్గరే ఆగాను.

"ఇప్పుడు ఏమన్న జుమ్ముమంటాందానే?" అని అడిగాను.

ఆమె రెండు అరచేతులూ ఇనుప పిడి మీద ఆనించి కాసేపు అలాగే ఉంది. "లేదు. ఏం లేదు" అన్నది.

నాయిన గడ్డపార గోడకు చేర్చి, తల దించుకొని, "ఫ్లోరినే అనుకున్ననే" అన్నాడు.

అమ్మ మళ్ళీ బోరింగు కొట్టడం మొదలుపెట్టింది. బకెట్‌లోకి సన్నగా ధార పడింది. మా వైపు తిరగకుండానే అన్నది.

"యాడాది సంది నేను చెప్తనే ఉన్న. మీరిద్దరు మిషిన్ చెప్తేనే ఇన్నరు."

గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. నేను పోయి ఆమె చేతి కింది నుంచి బకెట్ తీసుకున్నాను. ఆమె ఇచ్చేసి లోపలికి పోయింది.